ఆదివారం పూట జపాన్ పాటలు



జపాన్‌లో ఆదివారం మధ్యాహ్నం 12.15కు గంటలు మోగుతాయి. గుడి గంటలు కావు, బడి గంటలు కావు. నిలువుగా వేలాడదీసిన పొడవాటి లోహపు గొట్టాల మీద సుత్తితో కొట్టే గంటలు. జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వారి ‘నొదొ జిమన్’ మొదలైందని దేశానికి చెప్పే గంటలు. అది రేడియోలోనూ టీవీలోనూ ఒకేసారి ప్రత్యక్షంగా వచ్చే పాటల పోటీ. మన గడియారంలో అప్పుడు ఉదయం 8.45. ఇక్కడ మనం రెండో కాఫీ తాగుతూ ఉండగా అక్కడ జనం మధ్యాహ్న భోజనాల దగ్గర కూర్చుని ఎవరు గెలుస్తారా అని చూస్తుంటారు.

1946 జనవరిలో, యుద్ధం ముగిసి ఆరు నెలలైనా నిండకముందే ఈ కార్యక్రమం మొదలైంది. ఊళ్ళు కాలిపోయి ఉన్నాయి, తిండి గింజలకు కరువు. ఆ రోజుల్లో మైకు ముందుకు మామూలు మనుషుల్ని పిలిచి, మీకు వచ్చిన పాట పాడండి అన్నారు. ఇప్పటికీ వారానికో ఊరు తిరుగుతుంది. చేపలు పట్టేవాళ్ళు, నర్సులు, బడిపిల్లలు, ఎనభై దాటిన అవ్వలు వరసగా వచ్చి పాడతారు. తీర్పు మాటల్లో ఉండదు. గంట ఒక్కసారి మోగితే, ఇక చాలు, దిగమని. రెండుసార్లు మోగితే, బాగానే ఉంది కానీ ఇంకొంచెం అని. గంటలన్నీ ఒకదాని వెంట ఒకటి గలగలా మోగాయంటే గెలిచినట్టే. ఒక్క గంటతో దిగిపోయినవాడు కూడా నవ్వుతూనే దిగుతాడు. చూసేవాళ్ళకు వాడే ఎక్కువ గుర్తుంటాడు.

ఇవాళ జపాన్‌వాళ్ళ సెలవు రోజు పాటల గురించి మాట్లాడుకుందాం. విశ్రాంతిగా వినే పాట అనగానే దిగులన్నది తెలియని హాయి పాట అనుకుంటాం. జపాన్‌లో నాలుగు తరాలుగా జనం సెలవు పూట వింటున్న పాటల్ని దగ్గర పెట్టుకుని చూస్తే అలా కనిపించదు. వాటిలో చాలావాటికి అడుగున ఏదో ఒక బాధ ఉంటుంది. అది మన మీద పడి ఏడవదు. మనల్ని హుషారుగా ఉండమనీ బలవంతపెట్టదు. పక్కన నడుస్తుంది, అంతే. అక్కడి ఆదివారాన్ని మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా గంట గంటకూ చూసుకుంటూ పోదాం. పొద్దున్న సంగతి వదిలేద్దాం, సెలవునాడు ఎవరు లేస్తారు గనక!

నొదొ జిమన్ వేదిక మీద పెద్దవాళ్ళు పాడేవాటిలో హిబరి మిసొరా పాటలు ఉంటాయి. యొకొహమాలో చేపల కొట్టు నడుపుకునే ఇంట్లో 1937లో పుట్టిన పిల్ల. యుద్ధం తర్వాత జపాన్ గొంతు ఏదంటే అందరూ చూపించే గొంతు ఆమెది. ఆ పిల్ల తొమ్మిదేళ్ళ వయసులో ఇదే పోటీకి వెళ్ళి పాడిందట, గంట మోగలేదట. బాగా పాడింది కానీ చిన్నపిల్ల పాడినట్టు లేదు, ఆ పెద్దరికం ఏమిటని న్యాయనిర్ణేతలు తేల్చుకోలేకపోయారని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఆమె దగ్గరికి రాత్రయ్యాక మళ్ళీ వద్దాం.

మధ్యాహ్నం అన్నం తిన్నాక వీధిలో కాసేపు నడిచే అలవాటు ఉన్నవాళ్ళకు ఒక పాట ఉంది. ‘ఉయె ఒ ముయితె అరుకో’. తలెత్తుకుని నడుద్దాం అని దాని భావం. 1961 అక్టోబర్‌లో రికార్డు వచ్చింది. రాసింది రొకుసుకె ఎయ్, బాణీ కట్టింది హచిదాయ్ నకమురా, పాడింది క్యూ సకమొతో అనే 19 ఏళ్ళ కుర్రాడు. రెండేళ్ళ తర్వాత ఇదే పాట అమెరికాలో విడుదలై, 1963 జూన్‌లో బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలపాటు మొదటి స్థానంలో నిలిచింది. ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా, ఉన్నది ఉన్నట్టు జపాన్ భాషలోనే. ఒక్క పేరు మాత్రం మార్చారు. అసలు పేరు నోరు తిరగదని బ్రిటన్‌లోని రికార్డు కంపెనీవాళ్ళు ‘సుకియాకి’ అని పెట్టారు. సుకియాకి అంటే మాంసం, కూరలు కలిపి బల్ల మీదే ఉడికించుకు తినే వంటకం. పాటలో ఎక్కడా వంట లేదు, పొయ్యి లేదు. మన విరహగీతం దేనికో గోంగూర పచ్చడి అని పేరు పెట్టి విదేశాల్లో అమ్మినట్టు.

పాట సంగతి వేరు. కన్నీళ్ళు కింద పడకుండా ఉండాలని తల పైకెత్తి నడిచే మనిషి గురించిన పాట అది. 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ టోక్యో వీధుల్లో లక్షలమంది నడిచారు. అయినా ఒప్పందం ఆగలేదు. ఆ ఊరేగింపుల నుంచి ఇంటికి నడిచి వస్తున్నప్పటి ఓటమే రొకుసుకె ఎయ్ చేత ఈ పాట రాయించిందంటారు. కానీ పాటలో రాజకీయం ఒక్క ముక్క లేదు. రాత్రి, నక్షత్రాలు, నడక, ఒంటరితనం. అంతే ఉన్నాయి కాబట్టే ఎవరి బాధ వాళ్ళు అందులో పెట్టుకోగలిగారు. ఎత్తుగడ గమనించండి. దుఃఖం పాటే అయినా లయ కుంటుపడదు, చేతులూపుకుంటూ నడిచే మనిషి అడుగులా ఉంటుంది. నడుమ ఒకచోట మాటలు ఆగిపోయి ఈల వస్తుంది. ఏడుపు గొంతులో ఉన్నవాడు మాట్లాడలేడు గానీ ఈల వేయగలడు. ఆ ఈల కోసమైనా ఈ పాట వినాలి. సకమొతో 1985 ఆగస్టు 12న, 520 మందిని పొట్టనబెట్టుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 43 ఏళ్ళు.

భాష రాదు కదా, ఎలా వినడం అని మీరు అడగవచ్చు. మన చెవికి ఈ పాట కొత్తది కాదు, దానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, స్వరాలు. 19వ శతాబ్దం చివర జపాన్ ప్రభుత్వం బడుల్లో పాశ్చాత్య సంగీతం ప్రవేశపెట్టింది. మొదటి బడిపాటల పుస్తకం 1881 నాటిది. ఏడు స్వరాల మెట్లు అక్కడి గొంతులకు కొత్త. తరతరాల అలవాటు అయిదు స్వరాలది. ఈ రెంటికీ రాజీ కుదిరింది. ఏడింటిలో నాలుగోదాన్నీ ఏడోదాన్నీ పక్కన పెట్టి, మిగిలిన అయిదింటితో బాణీలు కట్టుకున్నారు. ఆ అయిదూ ఏమిటో చూడండి: స, రి, గ, ప, ద. మన మోహన రాగం. సంగీతం నేర్చుకునే పిల్లలు ‘వరవీణ’ గీతంలో పలికే స్వరాలే అవి. జపాన్ బడిపాటల్లో, సినిమా పాటల్లో ఎన్నెన్నో ఈ మెట్ల మీదే నడుస్తాయి. సకమొతో పాట పల్లవి కూడా చాలామటుకు అంతే. గమకాలు లేని మోహన అనుకోండి. రాగం పాడినట్టు ఉండదు, కానీ ఇల్లు ఎవరిదో చెవి గుర్తుపడుతుంది.

రెండోది, పలుకు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. జపాన్ మాట కూడా అంతే, ఒక్క సున్నా లాంటి ధ్వని మినహా. హ్రస్వం, దీర్ఘం తేడా మనకెంత ముఖ్యమో వాళ్ళకూ అంతే. మన ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని లెక్కపెట్టినట్టే, వాళ్ళ పద్యాలూ పాటలూ మాత్రల లెక్కన సాగుతాయి. అందుకే జపాన్ పాటను తెలుగు అక్షరాల్లో రాసుకుంటే చాలావరకు ఉన్నదున్నట్టు దిగుతుంది. అర్థం తెలియకపోయినా రెండుసార్లు వింటే మూడోసారి గొంతు కలపవచ్చు.

ఈ మాత్రల లెక్క మీదే ఒకప్పుడు అక్కడ పెద్ద గొడవ జరిగింది. 1970 ప్రాంతంలో రాక్ సంగీతం వచ్చినప్పుడు, ఒక్కో స్వరానికి ఒక్కో చిన్న అక్షరం పలికే మన భాషలో రాక్ పాడటం కుదరదు, ఇంగ్లీషులోనే పాడాలని ఒక వర్గం పట్టుబట్టింది. ఎందుకు కుదరదని చేసి చూపించినవాళ్ళు ‘హ్యాపీ ఎండ్’ అనే నలుగురు కుర్రాళ్ళు. హరుఒమి హొసొనో, ఎయిచి ఓతాకి, తకాషి మత్సుమొతో, షిగెరు సుజుకి. 1971 నవంబర్‌లో వాళ్ళ ‘కజెమచి రొమన్’ ఆల్బమ్ వచ్చింది. అందులో ‘కజె ఒ అత్సుమెతె’ అనే పాట హొసొనో పాడాడు. గొంతు ఎక్కడా పైకి లేవదు. వాకిట్లో కుర్చీ వేసుకుని పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టే పాడతాడు. ఒలింపిక్స్ కోసం తవ్వి తిరగేసిన టోక్యోలో మాయమైపోయిన పాత వీధుల్ని తలుచుకునే పాట. 2003లో ‘లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్’ సినిమాలో వినిపించాక విదేశీయులకు కూడా తెలిసింది. ఈ నలుగురి పేర్లూ గుర్తుంచుకోండి. ఆదివారం మధ్యాహ్నమంతా వీళ్ళ చుట్టూనే తిరుగుతుంది.

సరిగ్గా రెండు గంటలకు టోక్యో ఎఫ్ఎంలో ‘సండే సాంగ్‌బుక్’ మొదలవుతుంది. నడిపేది గాయకుడు తత్సురో యమషితా. 1992లో శనివారం కార్యక్రమంగా మొదలై తర్వాత ఆదివారానికి మారింది. తన ఇంట్లో పోగుచేసుకున్న పాత రికార్డులు తెచ్చి, ధ్వని తనే సరిచేసి వినిపిస్తాడు. స్ట్రీమింగ్‌కు తన పాటలు ఇవ్వనని గట్టిగా చెప్పిన మనిషి కూడా ఆయనే. అలాంటివాడు రేడియోను మాత్రం వదలలేదు. రేడియో మైకు ముందు కూర్చుని ఈ మాట చెప్పడానికి నాకు కాస్త గర్వంగానే ఉంది.

ఈయన, ఈయన భార్య మరియా తకెయుచి, అన్రి, మికి మత్సుబరా లాంటివాళ్ళు 1970ల చివరి నుంచి పాడిన పాటల్ని ఇప్పుడు సిటీ పాప్ అంటున్నారు. ఆ సంగీతం అప్పుడే ఎందుకు పుట్టిందో తెలియాలంటే జనం చేతిలో ఏమున్నాయో చూడాలి. జీతాలు పెరిగాయి. కారు కొన్నారు, కార్లో క్యాసెట్ ప్లేయర్ పెట్టించుకున్నారు. 1979 జులైలో సోనీ వాక్‌మన్ వచ్చింది. పాట గదిలోంచి బయటికి వచ్చి సముద్రం ఒడ్డు రోడ్డెక్కింది. ఎఫ్ఎంలో మంచి పాట వస్తుంటే దాన్ని క్యాసెట్ మీదికి ఎక్కించుకోవడం కుర్రకారుకు పెద్ద వ్యాపకం. దానికి ‘ఎయిర్ చెక్’ అని పేరు. ఏ పాట ఎన్ని గంటలకు వస్తుందో ముందే అచ్చువేసే పత్రికలు ఉండేవి. వాటిలో ‘ఎఫ్ఎం స్టేషన్’ అనే పత్రిక ముఖచిత్రాలకు ఎయిజిన్ సుజుకి బొమ్మలు వేసేవాడు. నీలాకాశం, ఎర్ర కారు, అమెరికా ఊరి దుకాణాలు. పత్రికతో పాటు క్యాసెట్ డబ్బాలో పెట్టుకోవడానికి కత్తిరించుకునే రంగుల చీటీలు కూడా వచ్చేవి. పాట ఉచితం, చీటీకి డబ్బు. మన ఇళ్ళలోనూ వివిధభారతిలో పాట మొదలవగానే టేప్‌రికార్డర్ ఎర్ర మీట నొక్కినవాళ్ళు, మధ్యలో ఎవరైనా దగ్గితే కోప్పడినవాళ్ళు ఉన్నారు కదా. వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

తకెయుచి పాట ‘ప్లాస్టిక్ లవ్’ 1984 నాటిది. దాన్ని 2017లో ఎవరో అభిమాని యూట్యూబ్‌లో పెడితే ప్రపంచమంతా విన్నది. మత్సుబరా పాడిన 1979 నాటి ‘మయొనక నొ దొఆ’ 2020 చివర్లో మళ్ళీ దేశదేశాల్లో మోగింది. అది చూడటానికి ఆమె లేదు, 2004లోనే పోయింది. ఈ రెండూ మంచి పాటలే. కానీ అవి రాత్రి కారులో పోతూ వినేవి. సెలవు మధ్యాహ్నానికి నేను మొదట చెప్పేది ఇంకొకటి, పేరులోనే సెలవు ఉన్నది. ఎయిచి ఓతాకి 1981 మార్చి 21న విడుదల చేసిన ‘ఎ లాంగ్ వెకేషన్’ ఆల్బమ్.

దాని అట్ట మీద హిరోషి నగాయ్ వేసిన బొమ్మ ఉంటుంది. ఈతకొలను, తాటిచెట్ల లాంటి పొడుగు చెట్లు, గొడుగు నీడ, మచ్చలేని నీలాకాశం. మనిషి జాడ లేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు అన్నట్టు. లోపల పాటల్లో ఒక పియానో, ఒక గిటారు వాయించి ఊరుకోలేదు. స్టూడియో నిండా వాద్యగాళ్ళను కూర్చోబెట్టి, ఒకే వరుసను చాలామంది చేత ఒకేసారి వాయించి రికార్డు చేశారు. ఆ శబ్దం అలలా వచ్చి మీద పడుతుంది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1982 అక్టోబర్‌లో జపాన్‌లో ప్రపంచంలోనే మొదటి సీడీలు అమ్మకానికి వచ్చినప్పుడు, ఆ మొదటి జాబితాలో ఇదీ ఉంది.

ఇందులో మొదటి పాట ‘కిమి వ తెన్నెన్‌షొకు’. వింటే పండగ బయల్దేరినట్టుంటుంది. దాని వెనక ఏముందో వినండి. ఈ ఆల్బమ్ నిజానికి 1980 వేసవిలో రావాలి. చాలా పాటలు రాయాల్సింది ఓతాకి పాత స్నేహితుడు, హ్యాపీ ఎండ్‌లో డ్రమ్స్ వాయించి తర్వాత పాటల రచయితగా స్థిరపడిన తకాషి మత్సుమొతో. ఆ ఏడాదే ఆయన చెల్లెలు చనిపోయింది. పుట్టుకతోనే గుండె జబ్బున్న పిల్ల. మత్సుమొతోకు కలం కదల్లేదు. వేరే ఎవరిచేతనైనా రాయించుకోమన్నాడు. ఓతాకి వినలేదు. నువ్వు రాసేదాకా ఆగుతానని విడుదల తేదీనే వాయిదా వేశాడు. చెల్లెలు పోయిన తర్వాత టోక్యోలోని షిబుయా వీధుల్లో నడుస్తుంటే చుట్టూ ఉన్నదంతా నలుపు తెలుపుల్లో కనబడిందని మత్సుమొతో తర్వాత చెప్పాడు. ఆ తెలుపు నలుపుల జ్ఞాపకానికి రంగులు వేయమని అడిగే పాటే ఈ తుళ్ళింత పాట. ఈ కథ తెలియనివాళ్ళు నలభై ఏళ్ళకు పైగా దాన్ని విహారయాత్రల్లో పాడుకుంటున్నారు. తెలిసినవాళ్ళూ మానలేదు. ఏడుపును ఏడుపుగా కాక రంగుగా ఇచ్చాడు కాబట్టి ఎన్నిసార్లు విన్నా బరువుగా ఉండదు.

మూడు, నాలుగు గంటల వేళ టీ తాగుతూ వినడానికి యుమి మత్సుతోయా పాట ఒకటి ఉంది. జనం ముద్దుగా యూమింగ్ అంటారు. పెళ్ళికి ముందు యుమి అరాయి. టోక్యో పడమట హచియోజిలో కిమోనోలు అమ్మే ఇంటి పిల్ల. 1974 అక్టోబర్‌లో వచ్చిన ‘మిస్‌లిమ్’ ఆల్బమ్‌లో ‘ఉమి ఒ మితెయిత గొగొ’ అనే పాట. సముద్రాన్ని చూస్తూ గడిపిన ఒక మధ్యాహ్నం. యొకొహమాలో కొండ మీద ‘డాల్ఫిన్’ అని ఒక రెస్టారెంట్ ఉంది, పాటలో దాని పేరే వస్తుంది. ఒకప్పుడు ఇద్దరూ వచ్చిన చోటికి ఇప్పుడు ఒకతే వచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. ఎదురుగా గ్లాసులో సోడా. ఆ గ్లాసులోంచి చూస్తే దూరంగా సముద్రం మీద సరుకుల ఓడ పోతూ కనబడుతుంది. బుడగలు పైకి లేస్తుంటే వాటి నడుమ ఓడ అడ్డంగా జరుగుతూ ఉంటుంది. పెద్ద ఓడను చిన్న గ్లాసులో ఇరికించి దూరాన్ని చూపించింది 20 ఏళ్ళ పిల్ల. పాటంతా ఒక ఎలక్ట్రిక్ పియానో, సన్నని గొంతు, మధ్యమధ్య ఖాళీలు. ఆ ఆల్బమ్‌లో వాయించినవాళ్ళలో హొసొనో, షిగెరు సుజుకి ఉన్నారు. వెనక గొంతు కలిపినవాళ్ళలో అప్పటికి ఇంకా పేరు రాని యమషితా ఉన్నాడు. చెప్పాను కదా, మధ్యాహ్నమంతా ఈ కొద్దిమంది చుట్టూనే తిరుగుతుందని. ఇప్పటికీ ఆ పాట కోసం డాల్ఫిన్‌కు వెళ్ళి సోడా తెప్పించుకునేవాళ్ళున్నారు.

సాయంత్రం అయిదయితే పాట మనం పెట్టుకోనక్కర్లేదు. ఊరే పెడుతుంది. జపాన్ మునిసిపాలిటీలు భూకంపాలు, సునామీలు వచ్చినప్పుడు హెచ్చరించడానికి స్తంభాల మీద లౌడ్‌స్పీకర్లు పెట్టాయి. అవి పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకోవాలి. ‘హలో, టెస్టింగ్’ అని అరవడం ఎందుకని చాలా ఊళ్ళలో రోజూ సాయంత్రం ఒక పాట బాణీ వేస్తారు. ఎక్కువ ఊళ్ళలో వినిపించేది ‘యూయకె కొయకె’. పొద్దు కుంకుతోంది, కొండ మీద గుడిగంట మోగుతోంది, కాకులతో పాటు మనమూ ఇంటికి పోదామని పిల్లలకు చెప్పే పాట. ఉకో నకమురా 1919లో రాశాడు, షిన్ కుసకవా 1923లో బాణీ కట్టాడు. ఇది నిఖార్సయిన మోహన. రెండు చోట్ల సరిగమలు వేసుకుని చూస్తే మీకే తెలుస్తుంది.

దీన్ని వీధిలో నిలబడి వినడం ఒక అనుభవం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. దగ్గరి స్తంభం నుంచి ఒక స్వరం మనకు చేరేసరికి, కిలోమీటరు దూరాన ఉన్న స్తంభం నుంచి అదే స్వరం సుమారు మూడు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. దాని వెనక మరో స్తంభం. ఒకే పాట మూడు వయసుల్లో ఒకేసారి వినబడుతున్నట్టు ఉంటుంది. కొండలున్న ఊరయితే ప్రతిధ్వని వేరే. ఆటస్థలంలో పిల్లలు బంతి తీసుకుని బయల్దేరతారు. ప్రాణాలు కాపాడటానికి పెట్టిన యంత్రం, ప్రమాదం లేని రోజంతా ఊరుకుని, సాయంత్రం జోలపాట లాంటిది పాడుతుంది. 2011 మార్చిలో తూర్పు తీరం ఊళ్ళలో సునామీ వస్తోంది, ఎత్తుకు పొండని అరిచినవి ఈ తరహా స్పీకర్లే. ఆ తీరంవాళ్ళకు అయిదు గంటల పాట వినడమంటే ఇవాళ ఏమీ జరగలేదని వినడమే.

పొద్దుగూకాక దక్షిణానికి పోదాం, ఒకినావా దీవులకు. ఒకప్పుడు ఇవి ర్యూక్యూ అనే వేరే రాజ్యం. పాట వేరు, వాద్యం వేరు. మూడు తీగల సన్‌షిన్ అనే వాద్యానికి కొండచిలువ చర్మం బిగిస్తారు. అక్కడి స్వరాలు స, గ, మ, ప, ని. మన సంగీతం తెలిసినవాళ్ళు ఈపాటికే తలూపి ఉంటారు. అది గంభీరనాట. గుళ్ళో స్వామి ఊరేగింపు బయల్దేరేటప్పుడు నాదస్వరంలో వాయించే మల్లారి ఈ రాగంలోనే. మన దగ్గర దేవుడి పల్లకి ముందు ఠీవిగా నడిచే స్వరాలు, అక్కడ సముద్రం ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి. ‘తిన్సగు ను హన’ అనే జానపదం వినండి. పూల రసం గోళ్ళకు రంగు పట్టినట్టు, అమ్మానాన్నల మాట మనసుకు పట్టించుకోమని పిల్లలకు చెబుతుంది. మల్లారి విన్న చెవితో దీన్ని వింటే ఒకే అయిదు స్వరాలు ఎంత వేరుగా ఊపిరి తీయగలవో తెలుస్తుంది.

ఒకినావా స్వరాలతో 1992లో ‘ది బూమ్’ బృందం ‘షిమ ఉత’ చేసింది. రాసి పాడిన కజుఫుమి మియజవా ఒకినావావాడు కాదు. 1945 యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు సేవ చేయడానికి పంపగా చనిపోయిన ఒకినావా బడి ఆడపిల్లల స్మారక మ్యూజియం చూసి, ఆ రోజుల్ని దాటుకుని బతికిన ఒకామె చెప్పింది విని ఈ పాట రాశాడు. పైకి అది విడిపోయిన ప్రేమికుల పాట. చెరకుతోట వస్తుంది, అలలు వస్తాయి. యుద్ధంలో విడిపోయినవాళ్ళను తలిచే ఒక చోట మాత్రం బాణీ ఒకినావా స్వరాల్ని వదిలి మామూలు పాశ్చాత్య స్వరాల్లోకి వెళుతుంది. కావాలనే అలా చేశానని, వాళ్ళకు ఆ గతి పట్టించింది ప్రధాన భూభాగపు జపాన్ కనక ఆ మాటల్ని ఒకినావా స్వరాల్లో పాడలేకపోయానని ఆయన చెప్పాడు. వినేటప్పుడు ఆ మలుపు ఎక్కడుందో చెవి పెట్టి పట్టుకోండి. ఇంకొంచెం మెత్తటి పాట కావాలంటే ఇషిగాకి దీవి అమ్మాయి రిమి నత్సుకవా 2001లో పాడిన ‘నద సోసో’ ఉంది. బాణీ అదే దీవికి చెందిన ‘బిగిన్’ బృందానిది. మాటలు గాయని ర్యోకొ మొరియమా, చిన్న వయసులోనే పోయిన తన అన్నను తలుచుకుని రాసినవి. పాత ఫొటోల పుస్తకం తిప్పుతూ పాడే పాట.

నేను చెప్పిన క్రమంలో ఒకినావా ముందు వచ్చింది గానీ, టోక్యో ఇళ్ళలో ఆదివారం సాయంత్రం 6.30కు టీవీలో వచ్చేది వేరు. ‘సజయె-సన్’ అనే కార్టూన్. మచికొ హసెగవా 1946లో పత్రికలో గీయడం మొదలుపెట్టిన ఒక ఉమ్మడి కుటుంబం కథ. 1969 అక్టోబర్ నుంచి టీవీలో వస్తూనే ఉంది. ప్రపంచంలో ఇంతకాలం నడుస్తున్న కార్టూన్ ధారావాహిక మరొకటి లేదు. దాని పాటలకు బాణీలు కట్టినవాడు క్యోహెయ్ త్సుత్సుమి, జపాన్ పాటల ప్రపంచంలో లెక్కలేనన్ని హిట్లు ఇచ్చినవాడు. ముగింపు పాట ఎంత సరదాగా ఉంటుందంటే కుటుంబమంతా చేతులు పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తినట్టుంటుంది. కానీ అది వినగానే జపాన్‌లో ఉద్యోగస్తులకు గుండె జారుతుంది. కార్టూన్ అయిపోయింది, ఆదివారం అయిపోయింది, రేపు ఆఫీసు. దీనికి ‘సజయె-సన్ జబ్బు’ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఇందాకటి పాటల్లో దుఃఖం రాసినవాడు పెట్టింది, హాయి వినేవాడికి దక్కింది. ఇక్కడ తిరగబడింది. రాసినవాడు సంతోషం పెట్టాడు, దిగులు వినేవాడు తెచ్చుకున్నాడు. కాబట్టి సెలవు రోజు పాట ఎంచుకునేటప్పుడు అది ఎంత ఉల్లాసంగా ఉందన్నది లెక్క కాదు. మనకున్న దిగులుకు అందులో చోటు ఉందా లేదా అన్నదే లెక్క.

ఆ చోటు ఎక్కువగా ఉన్న పాటతో రాత్రి ముగిద్దాం. హిబరి మిసొరా దగ్గరికి మళ్ళీ వస్తానన్నాను. 1989 జనవరి 8న జపాన్‌లో పాత చక్రవర్తి యుగం ముగిసి కొత్త శకం మొదలైంది. మూడు రోజులకు ఆమె ‘కవా నొ నగరె నొ యో ని’ విడుదలైంది. జీవితం నది పారినట్టు సాగిపోతుందని దాని భావం. బాణీ అకిరా మితకె. మాటలు రాసిన యసుషి అకిమొతో అప్పట్లో న్యూయార్క్‌లో ఉన్నాడు. అక్కడి ఈస్ట్ రివర్‌ను చూస్తూ రాశాడు. నది అమెరికాది, దారి మాత్రం జపాన్ పల్లెటూరి గతుకుల దారి. ఎవరి పాట పాడినా దాన్ని తన పెత్తనంలోకి తెచ్చుకునే గొంతు హిబరిది. ఇందులో ఆ పెత్తనం వదిలేసి, పల్లవి దగ్గర కాసేపు సన్నగా నడిచి తర్వాత నిదానంగా విచ్చుకుంటుంది. అప్పటికే ఆమె ఆరోగ్యం పాడయింది. ఆ జూన్ 24న, 52 ఏళ్ళకు కన్నుమూసింది. ఆమె బతికుండగా వచ్చిన చివరి సింగిల్ ఇదే.

వినదలుచుకున్నవాళ్ళకు ఒక్క మాట. ఇవన్నీ ఒకే రోజు వినవద్దు. వారానికి రెండు చాలు. మొదటిసారి అర్థం వెతక్కుండా, చేతిలో ఫోన్ లేకుండా వినండి. రెండోసారి అనువాదం చదివి వినండి. మూడోసారి తెలుగులో రాసుకుని గొంతు కలపండి. సంగీతం వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే స్వరాలు పట్టమనండి, మోహన ఎక్కడ, గంభీరనాట ఎక్కడ అని. వాళ్ళు పట్టుకున్నప్పుడు ముఖంలో వచ్చే వెలుగు చూసి తీరాలి.

సోమవారం ఎలాగూ వస్తుంది. దాన్ని ఆపే పాట ఏ భాషలోనూ లేదు. అది వచ్చేలోపు మనల్ని తొందరపెట్టని పాటలు, ఎందుకంత దిగులుగా ఉన్నావని నిలదీయని పాటలు జపాన్‌వాళ్ళ దగ్గర చాలా ఉన్నాయి. అడిగితే కాదనరు.

సెలవు.